పార కామకు ఏ నూనె పట్టించాలి?

ఆరే నూనె వేరు, జిడ్డు నూనె వేరు - నూనె గుడ్డలతో నిప్పు జాగ్రత్త

తొలకరి పడబోతోందంటే ప్రతి రైతూ పనిముట్లు బయటికి తీస్తాడు. కర్రు కమ్మరి కొలిమికి పోతుంది. గొడ్డలికి, కొడవలికి సాన పడుతుంది. పార అంచు సరిచేసుకుంటాం. ఇంతవరకు బాగానే ఉంది. కానీ చేత్తో పట్టుకునే కర్రను మాత్రం ఎవరూ పట్టించుకోరు. ఏడాది పొడుగునా ఎండకు ఎండి, వానకు నానిన కామ నెర్రెలు విచ్చుతుంది. పేళ్లు లేచి అరచేతిలో గుచ్చుకుంటాయి. తల దగ్గర కర్ర కుంచించుకుపోయి పార వదులవుతుంది. గొడ్డలి అయితే ఏకంగా తల ఊడి ఎగిరిపడుతుంది. గట్లు చెక్కే రోజున కామ విరిగితే ఆ పూట పనీ పోతుంది, పెట్టిన కూలీ పోతుంది.

ఎడ్లు తగ్గిపోయాయి గానీ పార, గొడ్డలి, కొడవలి లేని రైతు ఇల్లు ఈ రోజుకీ లేదు. వీటి కర్రలు నాలుగు కాలాలు నిలవాలంటే నూనె పట్టించడం చవకైన, తేలికైన మార్గం. అయితే ఇంట్లో ఏ నూనె ఉంటే ఆ నూనె పూస్తే లాభం లేదు. ఏ నూనె ఎందుకు పనికొస్తుందో, ఏది పనికిరాదో, పూసేటప్పుడు ఏ జాగ్రత్తలు తీసుకోవాలో ఈ పాఠంలో తెలుసుకుందాం.

నూనెల్లో రెండు జాతులు

నూనె ఆరడం అంటే నీళ్లలా ఆవిరైపోవడం కాదు. కొన్ని నూనెలు గాలిలోని ప్రాణవాయువును పీల్చుకుని మెల్లగా గట్టిపడి, పలుచని తోలులాంటి పొరగా మారతాయి. ఒకసారి అలా మారిన నూనె మళ్లీ కరగదు, చేతికి అంటదు. వీటిని ఆరే నూనెలు అంటారు. అవిసె నూనె, అంటే లిన్సీడు, వీటిలో ముఖ్యమైనది. ఇక్కడ చెప్పే అవిసె, గింజలు తినడానికి వాడే నీలిపూల పైరు. పూలూ ఆకులూ కూర వండుకునే అవిసె చెట్టు వేరు, పొరపాటు పడకండి.

మరికొన్ని నూనెలు ఎన్నాళ్లున్నా జిడ్డుగానే ఉంటాయి. ఆముదం, కొబ్బరి, వేరుశనగ, వేప, కానుగ నూనెలు ఈ జాతివి. బండి ఇరుసుకు ఆముదంతో కందెన పెట్టుకునేవాళ్లం. ఎందుకు? అది ఆరదు కాబట్టే. ఇరుసుకు కావలసింది జారుడు. కామకు కావలసింది పట్టు. ఇరుసుకు మేలు చేసే గుణమే కామకు కీడు చేస్తుంది. జిడ్డు నూనె పూసిన కామ చెమట చేతిలో జారుతుంది, దుమ్ము పట్టి నల్లబడుతుంది, కొన్నాళ్లకు ముక్క వాసన వేస్తుంది.

నూనె ఎంత బాగా ఆరుతుందో తెలిపే కొలత ఒకటుంది. దాన్ని అయోడిన్ విలువ అంటారు. సుమారుగా 130కి పైన ఉంటే ఆరే నూనె, 100 నుంచి 130 వరకు సగం ఆరే నూనె, 100 లోపు అయితే ఆరని నూనె అని లెక్క. మనకు తెలిసిన నూనెల విలువలు సుమారుగా ఇలా ఉంటాయి:

అవిసె నూనె - 170 నుంచి 200
కుసుమ నూనె - 135 నుంచి 150
వలిసె నూనె - 125 నుంచి 140
పొద్దుతిరుగుడు నూనె - 118 నుంచి 141
నువ్వుల నూనె - 104 నుంచి 120
వేరుశనగ నూనె - 86 నుంచి 107
ఆముదం - 82 నుంచి 90
కొబ్బరి నూనె - 6 నుంచి 11

అవిసె నూనెకు సాటి వచ్చేది ఈ పట్టికలో లేదు. కుసుమ, వలిసె నూనెలు ఆరతాయి గానీ చాలా రోజులు పడుతుంది. తాండూరు, జహీరాబాదు వైపు కుసుమ పండించేవారు, అరకు, పాడేరు వైపు వలిసెలు వేసేవారు తమ ఇంటి నూనెనే పరీక్షించి చూసుకోవచ్చు. ఒక మాట గుర్తుంచుకోవాలి. ఓలిక్ ఆమ్లం ఎక్కువ ఉండేట్టు తయారుచేసిన కొత్త కుసుమ, పొద్దుతిరుగుడు రకాల నూనె వంటకు మంచిదే గానీ సరిగా ఆరదు.

గాజు ముక్కతో పరీక్ష

పుస్తకంలో అంకె ఏదైనా మీ చేతిలో ఉన్న నూనె ఎలాంటిదో మీరే తేల్చుకోవచ్చు. శుభ్రమైన గాజు ముక్క తీసుకోండి. దాని మీద 2 చుక్కల నూనె వేసి వేలితో వీలైనంత పలుచగా రాయండి. దుమ్ము పడకుండా, వెలుతురు, గాలి తగిలే చోట ఉంచండి. రోజుకోసారి వేలితో తాకి చూడండి.

కాచిన అవిసె నూనె అయితే ఒకటి రెండు రోజుల్లో గట్టిపడుతుంది. ముడి నూనెకు వారం గానీ అంతకు మించి గానీ పడుతుంది. వానాకాలంలో ఇంకా ఆలస్యం. మూడు వారాలైనా వేలికి జిడ్డు అంటుతుంటే ఆ నూనె కామకు పనికిరాదు. అవిసె నూనె అని కొన్నదే ఇలా మిగిలిపోతే అందులో వేరే చవక నూనె కలిసిందని అనుమానించాలి. కొత్త సీసా తెచ్చిన ప్రతిసారీ ఈ పరీక్ష చేసుకుంటే డబ్బు, శ్రమ రెండూ మిగులుతాయి.

ముడి నూనెా, కాచిన నూనెా?

రంగుల దుకాణంలో అడిగితే రెండు రకాలు ఇస్తారు. ఒకటి ముడి లిన్సీడు. రెండోది బాయిల్డ్, లేదా డబుల్ బాయిల్డ్ లిన్సీడు. పేరులో కాచినది అని ఉన్నా, ఈ రోజుల్లో చాలావరకు అది త్వరగా ఆరడానికి కోబాల్టు, మాంగనీసు వంటి లోహపు మందులు కలిపిన నూనె. పూర్వం ఇందుకు సీసం కూడా వాడేవారు. అందుకే కాచిన నూనెను తినే వస్తువులకు తగలనివ్వకూడదు. పశువులు నాకే గాడికి, కాడికి కూడా పూయకూడదు. ఇంట్లో వంట నూనెల పక్కన ఆ సీసా పెట్టకూడదు.

ఏది ఎక్కడ వాడాలంటే:

పార, గొడ్డలి, గుద్దలి కామలకు, బండి పలకలకు: త్వరగా పని కావాలంటే కాచిన నూనె.

కాడికి, గాడికి, పశువుల మూతి తగిలే ఏ కర్రకైనా: ముడి నూనె మాత్రమే. నిదానంగా ఆరినా పశువుకు హాని లేదు.

కవ్వం, తెడ్డు, రొట్టెల పీటకు: తినడానికి అమ్మే అవిసె నూనె, లేదా గానుగలో మీ ఎదుట ఆడించిన నూనె.

ముడి నూనె నెమ్మది అని తీసిపారేయనక్కర్లేదు. పాత త్రీ నాట్ త్రీ తుపాకులు మీలో చాలామంది పోలీసుల చేతుల్లో చూసే ఉంటారు. బ్రిటిష్ కాలపు ఆ తుపాకుల చెక్కకు ముడి లిన్సీడు నూనే పట్టించేవారు. అందులో ఒక తెలివి ఉంది. వార్నిష్ పొర గీసుకుపోతే మొత్తం గీకి మళ్లీ వేయాలి. నూనె పట్టిన చెక్కకు గీత పడితే ఆ చోట నాలుగు చుక్కలు వేసి అరచేత్తో రుద్దితే చాలు. మెరుపు ఉండదు, చేయి జారదు, ఎక్కడున్నా సైనికుడు తానే చేసుకోగలడు. రైతుకు కావలసిందీ సరిగ్గా ఇదే.

వీటి జోలికి పోవద్దు

కాలిన ఇంజన్ ఆయిలు: మెకానిక్ షెడ్డులో ఊరికే దొరుకుతుందని చాలామంది కామలకు, కాడికి, తలుపులకు పూస్తున్నారు. ఇది ఆరదు. అంతకన్నా పెద్ద ప్రమాదం, ఇంజనులో కాలిన ఆయిలులో క్యాన్సరు కలిగించే పదార్థాలు చేరతాయి. ఏళ్ల తరబడి చర్మానికి తగులుతుంటే చర్మ క్యాన్సరుకు దారితీయవచ్చు. పగలంతా చేతిలో ఉండే కామకు, ఎద్దు మెడ మీద ఉండే కాడికి దీన్ని ఎంతమాత్రం పూయరాదు.

జీడిగింజల పెంకు నూనె: పలాస వంటి జీడి ప్రాంతాల్లో దొరుకుతుంది. పడవ చెక్కలకు మంచిదని పేరు. కానీ పచ్చి నూనె చర్మానికి తగిలితే కాలి బొబ్బలెక్కుతాయి. చేత్తో పట్టే కర్రకు వద్దు.

వేప, కానుగ నూనెలు: పురుగును కొంత దూరం పెడతాయి గానీ ఆరవు. చేయి తగలని చోట వాడుకోవచ్చు.

పట్టించే పద్ధతి

సమయం: మృగశిర చినుకులకు ముందు, ఎండలు ముదిరిన రోజులు అనువైనవి. కర్ర బాగా ఎండి ఉంటుంది, నూనె త్వరగా ఆరుతుంది. తడి కర్రకు నూనె పడితే లోపలి తేమ లోపలే ఉండి బూజు పడుతుంది.

1. ముందు కామను పరీక్షగా చూడండి. పొడుగునా చీలిక ఉన్నా, అడ్డంగా నెర్రె కనిపించినా ఆ కామ మార్చేయండి. విరగబోయే కర్రను నూనె అతకదు. కొత్త కామకు చిరుమాను, తడ వంటి సాగే గుణమున్న కర్ర మేలు. చార నిటారుగా, ఈ చివర నుంచి ఆ చివరకు సాగాలి. ముడులు ఉండకూడదు.

2. పాత జిడ్డు, మట్టి గీకెయ్యండి. పగిలిన సీసా పెంకు అంచుతో చార వెంట గీకితే బాగా నునుపు వస్తుంది. చేతికి మందపాటి గుడ్డ చుట్టుకోండి. తరువాత గరుకు కాగితంతో రుద్దండి.

3. తడిపి గట్టిగా పిండిన గుడ్డతో ఒకసారి తుడవండి. పడుకున్న నూగు లేస్తుంది. పూర్తిగా ఆరాక సన్న గరుకు కాగితంతో మళ్లీ రుద్దండి. ఈ ఒక్క పనితో తరువాత పేళ్లు లేవడం చాలా తగ్గుతుంది.

4. నూనె గిన్నెను వేడినీళ్ల గిన్నెలో కాసేపు ఉంచితే నూనె పలుచబడి కర్రలోకి దిగుతుంది. నూనెను నేరుగా పొయ్యి మీద పెట్టవద్దు. ముడి నూనెను ఇంట్లో కాచి బాయిల్డ్ చేద్దామని అసలే ప్రయత్నించవద్దు, మంట లేస్తుంది. మొదటి పూతకు సగానికి సగం టర్పెంటైన్ కలిపితే ఇంకా బాగా దిగుతుంది. అయితే టర్పెంటైన్ తొందరగా అంటుకుంటుంది. దాన్ని వేడి చేయకూడదు, బీడీ, దీపం, పొయ్యి దరిదాపుల్లో ఉండకూడదు. కాడికి, గాడికి, వంట సామానుకు టర్పెంటైన్ కలపవద్దు.

5. గుడ్డతో నూనె పలుచగా రుద్దండి. కోసిన చివరల వద్ద కర్ర నీటిని ఎక్కువ పీలుస్తుంది, నూనెనూ ఎక్కువ తాగుతుంది. అక్కడ రెండు మూడు సార్లు పెట్టండి. తల దూర్చే చివరకు దూర్చకముందే పట్టించండి.

6. 15 నుంచి 20 నిమిషాలు ఆగి, పైన మిగిలిన నూనెనంతా పొడి గుడ్డతో తుడిచెయ్యండి. ఎక్కువమంది తప్పేది ఇక్కడే. ఎక్కువ నూనె ఉంటే ఎక్కువ బలం అనుకుని వదిలేస్తారు. మందంగా ఉన్న నూనె పైన తోలు కట్టి లోపల జిగురుగా మిగిలిపోతుంది. పనిచేసేది కర్ర లోపలికి పోయిన నూనే, పైన నిలిచింది కాదు.

7. గాలి ఆడే చోట నిలబెట్టండి. బాగా ఆరాక రెండో పూత, అది ఆరాక మూడో పూత. మూడు పూతలు చాలు. ఒక్కో పార కామకు అన్నీ కలిపి సుమారు 30 నుంచి 40 మిల్లీలీటర్ల నూనె సరిపోతుంది. అంటే అర లీటరు సీసా పది కామలకు పైగా వస్తుంది. నలుగురు రైతులు కలిసి ఒక సీసా కొనుక్కుంటే ఖర్చు ఇంకా తగ్గుతుంది.

ఆ తరువాత ఏటా ఒక పూత వేస్తే చాలు.

నూనె గుడ్డ నిప్పు పెడుతుంది

ఈ భాగం ఇంట్లో అందరికీ చదివి వినిపించండి.

అవిసె నూనె ఆరేటప్పుడు వేడి పుడుతుంది. కామ మీద పలుచగా ఉన్న నూనె వేడి గాలిలో కలిసిపోతుంది. కానీ నూనె తుడిచిన గుడ్డను ఉండ చుట్టి ఓ మూల పడేస్తే ఆ వేడి బయటికి పోయే దారి ఉండదు. లోపల వేడి పెరిగి పెరిగి, కొన్ని గంటల్లో గుడ్డ తనంతట తానే అంటుకోవచ్చు. అగ్గిపుల్ల గీయనక్కర్లేదు, దీపం ఉండనక్కర్లేదు. సాయంత్రం పడేసిన గుడ్డ అందరూ నిద్రపోయాక అర్ధరాత్రి మండవచ్చు.

ఇది ఊహించి చెప్పే మాట కాదు. 1991 ఫిబ్రవరి 23న అమెరికాలో ఫిలడెల్ఫియా నగరంలోని 38 అంతస్తుల వన్ మెరిడియన్ ప్లాజా భవనం తగలబడింది. చెక్క పని చేసినవారు 22వ అంతస్తులో వదిలిపెట్టిపోయిన లిన్సీడు నూనె గుడ్డలే ఆ మంటకు మూలం. ముగ్గురు అగ్నిమాపక సిబ్బంది ప్రాణాలు కోల్పోయారు. అంత పెద్ద భవనానికే ఆ గతి పడితే పూరిల్లు, గడ్డివాము, పశువుల పాక సంగతి చెప్పేదేముంది?

మన ఇళ్లలో పనికొచ్చే గుడ్డను చూరులో దోపడం అలవాటు. నూనె గుడ్డను మాత్రం చూరులో దోపవద్దు. గోనెసంచిలో, గడ్డివాము పక్కన, పాకలో, ఎరువుల సంచుల దగ్గర పడెయ్యవద్దు. పని అయిన వెంటనే గుడ్డను నీళ్లలో పూర్తిగా ముంచండి. లేదా ఇంటికి, గడ్డికి దూరంగా, ఆరుబయట రాతి మీద మడత లేకుండా పరచి, గాలికి ఎగరకుండా అంచున రాయి పెట్టండి. కరకరలాడేట్టు గట్టిపడేదాకా కదపవద్దు. నూనె పీల్చిన కొబ్బరి పీచు, రంపపు పొట్టు, దూది, పాత గోనె ముక్కలకూ ఇదే జాగ్రత్త. కుసుమ, వలిసె నూనెలు కూడా ఆరే నూనెలే కాబట్టి వాటి గుడ్డలనూ ఉండచుట్టి ఉంచరాదు.

నూనె ఏం చేయలేదు

నూనె పట్టించిన కర్రలోకి నీరు త్వరగా దిగదు, అంతే. అసలే దిగదని కాదు. రాత్రంతా వానలో వదిలేస్తే, మడి నీళ్లలో పారేస్తే ఏ నూనె కాపాడలేదు. పని అయ్యాక మట్టి కడిగి, తుడిచి, నేలకు ఆనకుండా నీడలో పెట్టండి. ముసురు రోజుల్లో కర్ర మీద నల్ల బూజు కనిపిస్తే పొడి గుడ్డతో తుడిచి గాలి తగలనివ్వండి.

సందేహాలు - సమాధానాలు

వార్నిష్ వేస్తే ఇంకా గట్టిగా ఉండదా?

చూడటానికి బాగుంటుంది. కానీ వార్నిష్ పొర పైపైన ఉంటుంది. పార పని చేసేటప్పుడు చేతిలో జారి, రాపిడికి అరచేయి బొబ్బలెక్కుతుంది. పొర పగిలిన చోట నీరు లోపలికి పోయి తొందరగా బయటికి రాదు. కుర్చీకి, తలుపుకు వార్నిష్, కామకు నూనె.

నూనె రాసి నెలయింది, ఇంకా జిగురుగా ఉంది. ఏం చేయాలి?

నూనె మందంగా పూసి ఉంటారు, లేదా ఆరని నూనె అయి ఉంటుంది. టర్పెంటైన్ తడిపిన గుడ్డతో రుద్ది జిగురు తీసి, నాలుగు రోజులు ఎండ, గాలి తగిలేట్టు ఉంచండి. అప్పటికీ పోకపోతే సీసా పెంకుతో గీకి, గాజు ముక్క పరీక్షలో నెగ్గిన నూనె పలుచగా పట్టించండి. ఆ గుడ్డనూ నీళ్లలో ముంచడం మరవద్దు.

గొడ్డలి తల వదులయింది. నీళ్లలో నానబెడితే బిగుస్తుంది కదా?

ఆ పూటకు బిగుస్తుంది. ఉబ్బిన కర్ర ఇనుప కంత అంచుకు నలిగి, ఆరాక ముందుకన్నా ఎక్కువ వదులవుతుంది. కొత్త చీల కొట్టి బిగించి, పైకి కనిపించే కోసిన చివరకు నూనె పట్టించండి. బిగించాక కూడా తల కదులుతుంటే ఆ గొడ్డలి ఎత్తవద్దు. ఊడిన తల ఎదురుగా ఉన్న మనిషి ప్రాణం తీయగలదు.

నూనె పట్టిస్తే చెద, పుచ్చు పట్టవా?

అవిసె నూనె చెదకు మందు కాదు. కర్రను నేల మీద పడెయ్యకుండా ఎత్తున పెట్టడం, కామకు పై తెల్ల చెక్క కాకుండా లోపలి చేవ ఎంచుకోవడం అసలైన రక్షణ. పుచ్చు పొడి రాలుతున్న కామను మిగతా పనిముట్లతో కలిపి ఉంచకండి.

ఎద్దు మెడ పుండు పడుతోంది. కాడికి నూనె పూస్తే తగ్గుతుందా?

గరుకు వల్ల వచ్చే రాపిడి కొంత తగ్గుతుంది. ముందు కాడిని మెడ తగిలే చోట బాగా నునుపు చేసి, ముడి అవిసె నూనె పట్టించి, పూర్తిగా ఆరాకే వాడండి. పుండు మానేదాకా ఆ ఎద్దుకు కాడి వేయకుండా పశువైద్యుడికి చూపించాలి.

ఈ వారం చేయవలసింది ఇంతే. ఇంట్లో ఉన్న నూనెను గాజు ముక్క మీద రాసి పెట్టండి. అది ఆరేలోగా కామలన్నీ గీకి సిద్ధం చేసుకోండి. నూనె పట్టించే రోజున మాత్రం సీసా మూత తీయకముందే పక్కన ఒక బొక్కెన నీళ్లు పెట్టుకోండి.